వరప్రసాదం, ఆఖరి తూము వగైరా

2002వ సంవత్సరం జులై ఇరవై ఎనిమిదో తేదీ ఆదివారం నాడు, దివిసీమలోని పీతలంక గ్రామ కథోలిక విశ్వాసులు పూజ అయిన తర్వాత గుడి వరండాలో సమావేశమై, రోము నగరంలో దాదాపు నాలుగు వందల ఏళ్ళుగా తేలకుండా ఉండిపోయిన ఒక సమస్యను రెండు వారాల్లో తేల్చివేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. హాజరు నూట నలభై మంది. టీ, ఉల్లిపాయ పకోడీ ఇవ్వబడ్డాయి. మినిట్స్ నేనే రాశాను.

నన్ను గురించి ఒక్క ముక్క. పంచాయతీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమస్తాగా చేసి రిటైరై, గుడి సంఘానికి కార్యదర్శినయ్యాను. జరిగింది జరిగినట్టు రాయడం తప్ప నాకు వేరే విద్య రాదు. కాబట్టి ఈ కింద ఎక్కడైనా అతిశయోక్తి కనబడితే అది జరిగినదాని తప్పే గాని నాది కాదు.

సమస్య ఇది. ఒక మనిషి మంచి పని చేశాడనుకోండి. అది దేవుడి వరప్రసాదం వల్ల జరిగిందా, లేక ఆ మనిషి తన సొంత ఇష్టంతో చేశాడా? రెండూ కలిసి అంటే ఎవరి వంతు ఎంత? ఇంత పెద్ద ప్రశ్న అవనిగడ్డ దాటి మా ఊరిదాకా ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. ఫాదర్ చిన్నప్పగారితో వచ్చింది. కొత్తగా బదిలీ మీద వచ్చిన చిన్నప్పగారు బాగా చదువుకున్నవారు. అది ఆయన తప్పు కాదు.

జులై నెలాఖరున మా గుడికి పునీత అన్నమ్మగారి పండుగ. పండుగకు ముందు మూడు సాయంత్రాలు ప్రసంగాలుంటాయి. ఇదివరకటి ఫాదర్లు తాగుడు గురించీ, పూజకు ఆలస్యంగా రావడం గురించీ చెప్పేవారు. అందరం పక్కవాడి వంక చూసి తల ఊపి ఇళ్ళకు పోయేవాళ్ళం. చిన్నప్పగారు మాత్రం రోము సంగతి ఎత్తారు. పూర్వం అక్కడ రెండు మఠాల గురువులకు ఈ ప్రశ్న మీద చెడింది. మనిషి చెయ్యి కదలాలన్నా ముందు దేవుడే కదిలించాలని ఒకరన్నారు. దేవుడు చెయ్యి అందిస్తాడు, అందుకోవడం మానడం మనిషి ఇష్టమని రెండోవారన్నారు. పోపుగారు సంఘం వేశారు. ఆ పోపుగారు పోయి కొత్త పోపుగారు వచ్చినా సంఘం కూర్చునే ఉంది. చివరికి, ఒకరినొకరు మతద్రోహులని తిట్టుకోకండి, తీర్పు తగిన సమయంలో వెలువడుతుంది అని చెప్పి అందర్నీ పంపించేశారు. ఆ తగిన సమయం ఇంకా రాలేదు.

ఇక్కడిదాకా మావాళ్ళకు ఏ ఇబ్బందీ లేకుండా అర్థమైంది. మా కాలవలో పూడిక తీసే విషయమై ఇరిగేషన్ శాఖవారు కూడా సరిగ్గా ఇదే మాట చెప్పి ఉన్నారు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. కాని చిన్నప్పగారు మెట్ట ప్రాంతం మనిషి, బోరు నీళ్ళు తాగి పెరిగినవారు. ఇంకా తేలిక చేద్దామని, "వరప్రసాదం బ్యారేజీ నుంచి వదిలే కాలవ నీళ్ళలాంటిది. మన ఇష్టం తూముకుండే షట్టరు లాంటిది" అన్నారు. డెల్టాలో, అందులోనూ కాలవ చివర ఉన్న శివారు ఊళ్ళలో, ఎన్నికల గురించి మాట్లాడవచ్చు, కులాల గురించి మాట్లాడవచ్చు, నీళ్ళ గురించి ఉదాహరణకు కూడా మాట్లాడకూడదు. కునుకు తీస్తున్నవాళ్ళందరూ నిటారుగా కూర్చున్నారు. వెనక వరసలోంచి శౌరయ్య లేచి నిలబడ్డాడు.

శౌరయ్య మా కాలవ మీద లస్కరు. అంటే తూముల షట్టర్లు ఎత్తి దించే సర్కారు మనిషి. మా ఊరికి రెండు తూములున్నాయి. పై తూముకు షట్టరు లేదు. పదేళ్ళ కిందటే తుప్పు పట్టి ఊడిపోయింది. కాలవలో నీళ్ళుంటే చాలు, ఎవరూ తిప్పకుండానే దాని కింది పొలాలకు పారతాయి. ఆ పొలాలు ఎవరివన్నది ప్రస్తుతానికి అప్రస్తుతం. ఆఖరి తూముకు మాత్రం షట్టరు గట్టిగా ఉంది. దాని కింద పాతిక ఎకరాలు, ఆ తర్వాత ఉప్పు నేల, మడచెట్లు, సముద్రం.

"ఫాదర్ గారండీ," అన్నాడు శౌరయ్య చేతులు కట్టుకుని, "పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ ఆఖరి తూము షట్టరు తిప్పుతున్నానండి. మరి తిప్పేది నేనా అండి, దేవుడా అండి?"

"ఎంత లోతైన ప్రశ్న!" అన్నారు చిన్నప్పగారు పరవశించిపోయి. శౌరయ్యకు దొరికిన జవాబు అంతే.

మిగతా జవాబు ఊరు చెప్పింది. ముందుగా ఉపదేశి రత్నరాజు. ఫాదర్ ఊళ్ళో లేనప్పుడు ప్రార్థనలు నడిపే పెద్దమనిషి. మైకు అక్కర్లేని గొంతు, అయినా మైకు వదలడు. "నువ్వు తిప్పుతున్నానంటే అది గర్వం శౌరయ్యా! గర్వం చావైన పాపం, నరకానికి పంపే పాపం! నీ చెయ్యి కదిలించేది పైవాడు!" అని గర్జించాడు. దానికి విల్సన్ మాస్టారు లేచారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తన దగ్గర పాసైనవాళ్ళు తన కృషి వల్ల పాసయ్యారనీ, ఫెయిలైనవాళ్ళు వాళ్ళ స్వేచ్ఛ వల్ల ఫెయిలయ్యారనీ ముప్ఫై మూడేళ్ళు నమ్మినవారు. "తిప్పేది దేవుడైతే శౌరయ్య నెలనెలా జీతం ఎందుకు పుచ్చుకుంటున్నట్టు? చెయ్యని పనికి జీతం తీసుకుంటే దొంగతనం కాదూ?" అన్నారు.

శౌరయ్య నెమ్మదస్తుడు. పెద్దవాళ్ళు చెప్పింది వినేరకం. ఇద్దరి మాటలూ విన్నాడు. తాను తిప్పానంటే గర్వం, దేవుడు తిప్పాడంటే దొంగతనం. తిప్పకుండా ఉంటే ఏ పాపమూ లేదని లెక్క తేల్చుకున్నాడు. ఆ షట్టరు ఎత్తడానికి ఒక ఇనప హ్యాండిలుంటుంది. తూము మీదే వదిలేస్తే పాతసామాన్ల బండికెక్కుతుంది గనక, పని కాగానే ఊడదీసి ఇంటికి తెచ్చుకుని మంచం కింద పెట్టుకోవడం లస్కర్ల అలవాటు. శౌరయ్య దాన్ని తువాల్లో చుట్టి తెచ్చి, పునీత అంతోనివారి స్వరూపం పాదాల దగ్గర పెట్టి, సంగతి తేలేదాకా ముట్టనని ఒట్టేసుకున్నాడు. ఆదివారం మేం సమావేశమైంది ఇందుకే. ఇంతటి భక్తిని చిన్నప్పగారు తన సర్వీసులో చూడలేదన్నారు. ఆయన సర్వీసు ఏడు నెలలు.

ఆ ఆఖరి తూము కింద శౌరయ్య భార్య భాగ్యమ్మ ఎకరన్నర కౌలుకు చేస్తోంది. మిగతా ఎకరాలవాళ్ళు నీళ్ళ మీద ఆశ లేక బీడు పెట్టుకోగా, తొలకరికి ఆమె ఒక్కతే నారు పోసుకుంది. ఆ ఏడు ఎగువన నీళ్ళు లేక వంతులు పెట్టారు. మా కాలవకు ఆగస్టు ఎనిమిది గురువారం నుంచి పది శనివారం సాయంత్రం ఆరింటి వరకు, మూడు రోజులు. ఆ నీళ్ళు తప్పితే మళ్ళీ వంతు వచ్చేసరికి నారు బతకదు. నారు లేకపోతే ఆ ఏటికి భాగ్యమ్మకు వ్యవసాయం లేదు.

"ఏవయ్యా, ఆ హ్యాండిలు గుళ్ళో పెట్టొచ్చావంట?" అని అడిగింది ఆ ఆదివారం సాయంత్రం అన్నం వడ్డిస్తూ. వాళ్ళ ఇంటికీ మా ఇంటికీ మధ్య తాటాకుల దడి ఒక్కటే, అందుకని విన్నాను.

"తేలేదాకానే భాగ్యం. పాపం కదే."

"నువ్వూ దేవుడూ కలిసి తిప్పుతారో, విడివిడిగా తిప్పుతారో నాకనవసరం. పై వారం గురువారం నీళ్ళొస్తన్నాయి. నారు ఇప్పటికే కొస ఎర్రబడతంది. ఎవరో ఒకరు తిప్పండి."

"అట్టా తేలిగ్గా అనమాక."

"ఇంతకీ ఆ ముద్ద నోట్లో పెట్టుకునేది ఎవరు? నువ్వా, దేవుడా?"

ఆమె ఎత్తిపొడుపుగా అంది. శౌరయ్య ముద్ద వంక చాలాసేపు చూసి, తిరిగి కంచంలో పెట్టేశాడు. మర్నాడు పొద్దున ఖాళీ కడుపుతో వచ్చి ఆ ప్రశ్నను కూడా సంఘం ముందుంచాడు. మూడు గంటల చర్చ తర్వాత, తుది తీర్పుకు లోబడి, భోజనానికి తాత్కాలిక మినహాయింపు ఇచ్చాం. షట్టరుకు కూడా అలాంటి మినహాయింపు ఇవ్వవచ్చు కదా అని ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. ఎజెండాలో లేని అంశం గనక ఎత్తలేదు.

వారం తిరిగేసరికి ఊళ్ళో రెండు సంస్థలు వెలిశాయి. రత్నరాజు అధ్యక్షతన వరప్రసాద పరిరక్షణ సమితి, విల్సన్ మాస్టారి అధ్యక్షతన స్వేచ్ఛా సంకల్ప సాధన సమితి. గుళ్ళో ఆడవాళ్ళొక పక్క, మగవాళ్ళొక పక్క కూర్చునే పాత ఆచారం పోయి, వర్గాలవారీగా కూర్చోవడం మొదలైంది. ఎలా ఉన్నారండీ అంటే, దేవుడి దయ వల్ల బాగున్నాం అనడం విల్సన్ వర్గం మానేసింది. నా సొంత కృషి వల్ల బాగున్నానండి అనేవాళ్ళు. జ్వరంతో పడుకున్నవాళ్ళు కూడా నియమం తప్పలేదు. రత్నరాజు వర్గంలో ఒకాయన కోడిపెట్టలను గంప కింద మూయడం అవిశ్వాసమని మానేశాడు. నాలుగో రోజుకు ఆయనకు పెట్టలు లేవు, విశ్వాసం మాత్రం రెట్టింపైంది. వరప్రసాద వర్గం వాళ్ళ ఆటోకు బ్రేకులు ఉండేవి కావు. నిజం చెప్పాలంటే వివాదానికి ముందు కూడా ఉండేవి కావు, కాని ఇప్పుడు వాటికొక సిద్ధాంతం ఏర్పడింది.

ఆగస్టు ఐదున ఇరిగేషన్ ఏఈ నరసింహారావుగారు జీపులో వచ్చారు. ఆయన మా మతం వారు కాదు గాని, వివాదం ఎక్కడున్నా శ్రద్ధగా వినే మనిషి. భాగ్యమ్మ జీపుకు అడ్డంగా నిలబడి, "అయ్యా, తమరన్నా ఆ హ్యాండిలు ఇప్పించండి" అని అడిగింది. ఆయన గుడి మెట్ల మీద నిలబడి ఉపన్యసించారు.

"చూడమ్మా. శాఖ తరపున మేము సరిపడా నీరు విడుదల చేస్తున్నాం. ప్రతి ఎకరానికీ, ప్రతి రైతుకూ, ఏ తేడా లేకుండా సరిపడా విడుదల చేస్తున్నాం. అది పొలానికి చేరిందా లేదా అన్నది వేరే విషయం. చేరకపోయినంత మాత్రాన సరిపడా విడుదల కాలేదని అనకూడదు."

ఈ మాటకు చిన్నప్పగారు ఒక్క ఉదుటున మెట్లు దిగి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. "రోములో పండితులు చెప్పిందీ ఇదేనండీ! దేవుడు అందరికీ సరిపడు వరప్రసాదం ఇస్తాడు. అది సరిపడేదే. కాని పని జరగాలంటే దానికి తోడు ఇంకో వరప్రసాదం కూడా కావాలి!" అన్నారు. నరసింహారావుగారు ఆలోచనలో పడ్డారు. "ఈ ముక్క కాస్త కాగితం మీద రాసిస్తారా? కలెక్టరాఫీసుకు సంజాయిషీ రాయాల్సినవి చాలా ఉన్నాయి" అన్నారు. చిన్నప్పగారు రెండు పేజీలు రాసిచ్చారు. హ్యాండిలు విషయంలో మాత్రం, అది ప్రస్తుతం దైవసన్నిధిలో ఉన్న వస్తువు గనక, మచిలీపట్నం పై ఆఫీసు నుంచి ఆదేశాలు వచ్చేదాకా యథాతథ స్థితి కొనసాగించాలని చెప్పి జీపెక్కారు.

గురువారం తెల్లవారేసరికి కాలవలో నీళ్ళొచ్చాయి. చాలా ఏళ్ళకు గట్టు అంచుల దాకా వచ్చాయి. సమస్యను ప్రత్యక్షంగా పరిశీలించాలన్న ఉద్దేశంతో మేము తుది సభను ఆఖరి తూము దగ్గరే, కాలవ గట్టు మీద, షామియానా వేసి ఏర్పాటు చేశాం. గుడివాడ నుంచి మైక్‌సెట్ వచ్చింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, హ్యాండిలు పెట్టి, చామంతి దండ వేశాం. ఏ వర్గం వాళ్ళూ ముట్టకుండా ఇరుపక్షాల నుంచి చెరొక వాలంటీరును కాపలా ఉంచాం. షామియానాకు ఎడమ పక్క నీళ్ళు. కుడి పక్క భాగ్యమ్మ నారుమడి. మధ్యలో మేము.

గురువారం ప్రారంభ ప్రార్థన ఎవరు చెయ్యాలన్నదాని మీద గడిచింది. ప్రార్థన చెయ్యాలన్న కోరిక పుట్టించేది ఎవరన్న దగ్గర ఆగిపోయాం. శుక్రవారం ఉపన్యాసాలు. రత్నరాజు రెండు గంటలు, విల్సన్ మాస్టారు రెండు గంటల పది నిమిషాలు మాట్లాడారు. ఆ రెండు రోజులూ భాగ్యమ్మ కాలవలో బిందె ముంచి, చంకన పెట్టుకుని, షామియానా చుట్టూ తిరిగి వెళ్ళి నారుమడిలో పోస్తూనే ఉంది. పోసిన నీళ్ళు పోసినచోటే నెర్రెల్లో ఇంకిపోతున్నాయి. శుక్రవారం మధ్యాహ్నం ఒకసారి దగ్గరదారిన షామియానాలోంచి నడిచింది. మైకు ముందునుంచి వెళ్ళవద్దని సభాధ్యక్షులు మందలించారు. మందలించినట్టు నేను రాసుకున్నాను. శౌరయ్య చివరి కుర్చీలో కూర్చుని భార్య వంక చూస్తూ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. అవి వాటంతటవి కదులుతాయేమోనని భయం కాబోలు.

శనివారం నాలుగింటికి ఓటింగు పెట్టాం. షట్టరు తిప్పేది దేవుడే అన్నవాళ్ళు చేతులెత్తండి అంటే డెబ్బై చేతులు లేచాయి. మనిషే అన్నవాళ్ళు అంటే డెబ్బై ఒకటి. మొత్తం నూట నలభై మందిలో శౌరయ్య ఓటెయ్యలేదు, చెయ్యి ఎత్తేది తానో కాదో తెలియదన్నాడు. అంటే రెండు చేతులు ఎక్కువొచ్చాయి. ఎవరో ఇద్దరు రెండు వైపులా ఎత్తారు. మళ్ళీ లెక్కపెట్టాలని గొడవ. మళ్ళీ లెక్కపెట్టాం. ఈసారి నాలుగు ఎక్కువొచ్చాయి.

ఆరింటికి పావు తక్కువకు భాగ్యమ్మ బిందె కింద పడేసి వచ్చి, చామంతి దండ తీసి పక్కన పెట్టి, హ్యాండిలు అందుకుంది.

వాలంటీర్లిద్దరూ రెండో కొస పట్టుకున్నారు. పదహారు రోజుల్లో ఆ ఇద్దరూ ఒకే పక్క నిలబడడం అదే మొదలు.

"ఆగమ్మా!" అని రత్నరాజు మైకులో అరిచాడు. "నీకు పైనుంచి ప్రేరణ కలిగిందా? కలగకుండా తిప్పితే నీ ఆత్మకు ప్రమాదం!"

"పది నిమిషాలు ఓపిక పట్టు," అన్నారు విల్సన్ మాస్టారు. "లెక్క తేలనీ. ఆ తర్వాత నీ ఇష్టప్రకారమే తిప్పుకుందువుగాని."

"ఆరింటికి లాకు దించేస్తారండీ," అంది భాగ్యమ్మ గుంజుతూ. "వదలండయ్యా, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు తిప్పుకుని తర్వాత మీరేదంటే అదే ఒప్పుకుంటాను. నేను తిప్పలేదంటాను. దేవుడు కూడా తిప్పలేదంటాను. వదలండి."

చిన్నప్పగారు ఎవరికీ అన్యాయం జరగకూడదని కళ్ళు మూసుకుని ప్రార్థించారు. ఎగువన మా కాలవకు నీళ్ళు వదిలే లాకు దగ్గరున్న లస్కరు మా ప్రసంగాలు వినలేదు. ఆరు కాగానే గడియారం చూసి దించేశాడు.

నీళ్ళు పూర్తిగా దిగి కాలవ అడుగు కనబడ్డాక వాలంటీర్లు హ్యాండిలు వదిలేశారు. భాగ్యమ్మ పరిగెత్తి, హ్యాండిలు తగిలించి, పళ్ళు బిగించి తిప్పింది. షట్టరు పూర్తిగా లేచింది. తూములోంచి కాస్త బురద, దాని వెనకే రెండు పీతలు వచ్చాయి. ఆమె హ్యాండిలు పట్టుకునే అక్కడ కూలబడింది. ఏడవలేదు. నాకు చాలా సిగ్గేసింది. సిగ్గును మినిట్స్‌లో రాసే పద్ధతి లేదు.

సోమవారానికి నారు ఎండుగడ్డి అయింది. దీనికి బాధ్యులెవరో తేల్చడానికి అత్యవసర సమావేశం జరిగింది. ఇక్కడే పీతలంక, రోము సాధించలేనిది సాధించింది. పదహారు రోజులు ఒక్క మాట మీదికి రాని రెండు వర్గాలూ ఒక్క నిమిషంలో వచ్చాయి. రత్నరాజు ప్రతిపాదించగా, విల్సన్ మాస్టారు బలపరచగా, ఈ కింది తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది: "లస్కరు శౌరయ్య తన సంపూర్ణ స్వేచ్ఛతో, పూర్తి తెలివితో, దేవుడి నుంచి గాని మనుషుల నుంచి గాని ఎట్టి ప్రేరేపణా లేకుండా, షట్టరు తిప్పకుండా ఉన్నాడు." నాయకులిద్దరూ ఆలింగనం చేసుకున్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తీర్మానం కాపీ జతచేసి శాఖవారు శౌరయ్యను సస్పెండ్ చేశారు. ఆ మెమోలో, శాఖ తరపున సరిపడా నీరు విడుదల అయి ఉన్నదనీ, ఈ విషయమై మతపెద్దల లిఖితపూర్వక అభిప్రాయం కూడా ఉన్నదనీ రాశారు.

ఇక పై తూము సంగతి. ముందే చెప్పవలసింది, మరిచిపోయాను. షట్టరు లేని ఆ తూము కింద రత్నరాజుకు మూడెకరాలు, విల్సన్ మాస్టారికి నాలుగెకరాలు, నాకొక ఎకరం ఉన్నాయి. ఆ మూడు రోజులూ మేము గట్టు మీద వాదించుకుంటుంటే నీళ్ళు వాటంతటవే మా పొలాల్లోకి పారాయి. మా నారు ఏపుగా ఉంది. చర్చనీయాంశం కాదు గనక ఎక్కడా నమోదు చెయ్యలేదు.

ఆగస్టు ఆఖరున నా ఎకరంలో నాట్లు పడ్డాయి. నాటడానికొచ్చిన కూలీల్లో భాగ్యమ్మ కూడా ఉంది. పిలిచింది నేనే. అంత జరిగాక ఆమెకు ఒక పూట పని చూపించడం నా ధర్మమనిపించింది. చేలో దిగి, చీర ఎగదోపుకుని నాటింది. మధ్యాహ్నం గట్టెక్కి చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచింది.

"మావయ్యగారండీ, ఒక సంగతి అడగనా?"

"అడుగమ్మా."

"మా తూము తిప్పేది ఎవరని పదహారు రోజులు మీటింగు పెట్టారు గదండీ. మరి మీ చేలోకి నీళ్ళొచ్చినప్పుడు ఎవరొదిలారని మీటింగు పెట్టలేదేంటండీ?"

ప్రశ్న సమంజసమైనదే. ఇంటికొచ్చి మినిట్స్ పుస్తకంలో ఎక్కించాను. నాతో కలిపి సభ్యులందరూ చదివి సంతకాలు చేశారు. దానికి జవాబు తగిన సమయంలో వెలువడుతుంది.